వరసలో నీలం బేసిను

సరస్సు ఒడ్డున కొడియా రేవులో వరస కట్టేది బేసిన్లే. తెల్లవారకముందే ఎవరి బేసిను వాళ్ళు తెచ్చి, నీటి అంచున తడి ఇసకలో ఒకదాని వెనక ఒకటి పెట్టి, పొయ్యి దగ్గరికో పిల్లల దగ్గరికో వెళ్ళిపోతారు. ఏది ఎవరిదో అడగనక్కర్లేదు. అంచు కాలింది దోర్కాది. వాడి వాడి అడుగు తెల్లబడిపోయిన ఎర్రది అకేయోది. నీలంది, పగులు మీద కుట్లు పడింది, అవినోది. ఆ కుట్లు వేసింది వాళ్ళమ్మ అపోండి. ఇనప చువ్వ కాల్చి పగులుకు రెండువైపులా కన్నాలు పొడిచి, వలదారంతో వల కుట్టినట్టే కుట్టి, పైన మైనం కరిగించి పూసింది. ఏడాదిగా చుక్క కారలేదు.

ఆ బుధవారం నీలం బేసిను వరసలో నాలుగోది.

ఒయుగి పడవ ఎండతో పాటే ఒడ్డుకొచ్చింది. దీపాలు తేల్చి పట్టిన ఒమెనా పడవ కడుపులో కుప్పగా మెరుస్తోంది. చిటికెన వేలంత కూడా ఉండని వెండి చేప అది. ఆడవాళ్ళు పరుగున వచ్చి ఎవరి బేసిను పక్కన వాళ్ళు నిలబడ్డారు. పడవ మీది మనిషి మొదటి బేసిను నింపాడు. రెండోది నింపాడు. మూడోది నింపాడు. నాలుగోదాన్ని పాదంతో పక్కకు జరిపాడు. గట్టిగా తన్నలేదు, దారిలో రాయి ఉంటే జరిపినట్టు జరిపాడు. వెనకున్న ఎర్ర బేసినును ముందుకు లాక్కున్నాడు.

అకేయో తలెత్తలేదు. నిండగానే నెత్తికెత్తుకుని, నీళ్ళు కారుతుండగా వెళ్ళిపోయింది.

"నాలుగోది నాది," అంది అవినో.

ఒయుగి పడవ అంచు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. పుల్ల నోట్లోంచి తీశాడు.

"నీదే పిల్లా, కాదన్నదెవరు? బేసిను నీది, చేప నాది."

పడవవాళ్ళు నవ్వారు. అతను కిందికి దిగి, ఆమె దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"రోజూ ఈ ఇసకలో నిలబడ్డం ఎందుకు చెప్పు? సాయంత్రం వలల పాక వైపు రా. రేపట్నుంచి నీ బేసినే ముందు."

ఆ బేరానికి రేవులో జబోయా అని పేరు. చేప అడిగిన ఆడదాన్ని, చేపకి బదులు ఆమె ఒంటినే అడుగుతాడు పడవ ఆసామి. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

చేప అయిపోయేదాకా అవినో అక్కడే నిలబడింది. తర్వాత ఖాళీ బేసినులోని ఇసక నీళ్ళతో కడిగి, చంకన పెట్టుకుని ఎండబెట్టే చోటికి వచ్చింది.

అపోండి అక్కడ పాత వలలు నేల మీద పరుస్తోంది. కూతురి కోసం పరిచిన వల అది.

"అమ్మా, ఇది మూడోరోజు."

"చూశాను."

"ఇంకొక్క వారం చూస్తా. తర్వాత సరే అంటానేమో. మరి ఏం చెయ్యను?"

అపోండి వల చివర మీద రాయి పెట్టబోతూ ఆగింది. ఒకప్పుడు తనూ ఒకడికి సరే అంది. ఆ ఒక్క మాటకి పదిహేడేళ్ళుగా రోజూ ఒక మాత్ర మింగుతోంది. రాయిని మెల్లగా వల మీద దించింది.

"శుక్రవారం ఆరు నెలల సూది మన రేవుకొస్తోంది. పొట్ట మీద వేస్తారు, ఏడాదికి రెండుసార్లు. అది ఒంట్లో ఉంటే ఆ హెచ్‌ఐవీ వైరస్ అంటదు. నువ్వు వేయించుకోవాలి."

"వేయించుకుని ఒయుగి దగ్గరికి పొమ్మంటావా?"

"వాడి సంగతి వేరు, సూది సంగతి వేరు." అపోండి గొంతు పెరగలేదు. "రేపు నీకు నచ్చినవాడే రావచ్చు, వాడి ఒంట్లో ఏముందో వాడికే తెలియకపోవచ్చు. సూది నీ ఒంటి కోసం. ఒయుగికి జవాబు మాత్రం నువ్వే చెప్పుకోవాలి. దానికి సూది లేదు."

అవినో నవ్వలేక నవ్వింది. ఖాళీ వల మీద కాకులు దిగి, ఏమీ లేదని చూసి ఎగిరిపోయాయి.

మధ్యాహ్నం అపోండి వల నుంచి వలకి తిరిగింది. ఆరోగ్య కేంద్రంలో ఆమెది తోడు మనిషి పని. మాత్రలు వాడేవాళ్ళకి తను వాడినట్టే వాడడం నేర్పాలి, మానేసినవాళ్ళని ఇంటికి వెళ్ళి లాక్కురావాలి. అందుకే తన ఒంట్లో ఏముందో ఆమె ఎప్పుడో రేవు మొత్తానికి చెప్పేసింది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళు చుట్టూ చూడరు. ఆమె పక్కన కూర్చుని చీపురుతో ఒమెనా తిరగేసింది, ఇసక ఏరింది, మధ్యలో ఒక మాట చెప్పింది.

"శుక్రవారం. రేవు ఆఫీసు ముందు బల్ల వేస్తారు."

అందరికీ సూది కావాలి. బల్ల మీద కూర్చోవడమే ఎవరికీ పడలేదు. రేవు ఆఫీసు పడవలకి ఎదురుగా ఉంది. అక్కడ కూర్చుంటే, నేను వలల పాకకి వెళ్తానని చాటింపు వేసుకున్నట్టే.

"నాక్కూడా వేస్తారంటావే?" అంది దోర్కా. ఆమెకి డెబ్భై దగ్గర పడుతున్నాయి.

"నీకెందుకత్తా?"

"ఎందుకేంటే? మా ముసలోడు పోయి పాతికేళ్ళయింది. కొత్తోడు రాడని రాసిచ్చావా?"

ఆడవాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు అయ్యేసరికి సంగతి తేలిపోయింది. ఎలాగని ఎవరూ అడగలేదు. వరస అంటే బేసిన్లు. పొద్దున్నే బల్ల ముందు బేసిన్లు పెట్టాలి, చేపలు దాచే ఐస్ గది వెనక నీడలో కూర్చోవాలి. వంతు వచ్చిన బేసినును నర్సు పిలిస్తే ఒక్కొక్కరూ గబుక్కున వెళ్ళి వచ్చేయాలి.

శుక్రవారం అపోండి రేవులో లేదు. తన మాత్రలు తెచ్చుకునే రోజు అదే. అఖాతం అవతలి పెద్ద ఆసుపత్రికి మొదటి పడవలో వెళ్ళింది. రక్తపరీక్ష కాయితం, కొత్త డబ్బా తీసుకుని తొమ్మిదింటి పడవ ఎక్కింది. పదింటికి ఇల్లు చేరాలి. గాలి తిరిగి గుర్రపుడెక్క అఖాతం నోట్లోకి కొట్టుకొచ్చింది. పచ్చటి నేలలా పరుచుకుని పడవను పట్టేసింది. పడవవాళ్ళు కత్తులతో వేళ్ళు నరికారు, తెడ్లతో నెట్టారు. నరికినచోటే మళ్ళీ కలిసిపోయింది. అపోండి కూడా ఒక తెడ్డు అందుకుంది. ఒడ్డు చేరేసరికి రెండు దాటింది.

రేవు ఆఫీసు ముందు బల్ల ఖాళీగా ఉంది. బేసిన్లన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడకి చేర్చి ఉన్నాయి, అంగడిలో అమ్మకానికి పెట్టినట్టు. అన్నిటికంటే కింద నీలంది.

ఐస్ గది వెనక ఆడవాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు. ఎవరూ ఆమె మొహం చూడలేదు.

"ఏమైంది?"

"మీ నర్సమ్మ మమ్మల్ని తోసేసింది," అంది అకేయో.

"తోసేసిందా?"

"వచ్చింది. బేసిన్లు చూసింది. ఒక్కో బేసినూ తీసి పక్కన పడేసి, మా వరస ఉన్నచోటికి బల్ల జరుపుకుంది. ఒయుగి కాలితో చేస్తాడు, ఈవిడ చేత్తో చేసింది. అంతే తేడా. ఇంక ఏ మొహంతో వెళ్తాం?"

"మధ్యాహ్నందాకా కూర్చుని, ఏదో రాసుకుని, పెట్టె మూసుకుని పోయింది," అంది దోర్కా.

ఒయుగి పడవ పక్కన నిలబడి వింటున్నాడు. "మా రేవులో అందరూ పతివ్రతలేనని రాసుకుంది," అన్నాడు గట్టిగా. "మంచిదేగా! పేరొచ్చింది."

అపోండి ఆఫీసు అరుగు మీద కూర్చుని నర్సు చెరోప్‌కి ఫోన్ చేసింది. చెరోప్ కొండప్రాంతం పిల్ల. ఈ ఒడ్డు మాట రాదు. వచ్చి రెండు నెలలైంది.

"ఒక్కరూ రాలేదు అపోండక్కా. నాలుగు గంటలు కూర్చున్నా. నువ్వేమో కనీసం ఇరవై మంది అన్నావ్."

"వచ్చారు తల్లీ. వరసలో ఉన్నారు."

"ఎక్కడ? బల్ల ఖాళీ."

"నువ్వు తీసి గోడకి పెట్టావే, ఆ బేసిన్లు."

అవతల పెట్టె మూతవేసిన చప్పుడు వినబడింది.

"అవి... నేను చేపలవాళ్ళు వదిలేసిన సామాను అనుకున్నా. నీడ అక్కడే ఉంది కదా అని, జాగ్రత్తగా ఒకదాంట్లో ఒకటి పెట్టా అక్కా. ఒక్కటి కూడా పగలకూడదని చూసుకుని పెట్టా."

"తెలుసు. నీ తప్పు కాదు. వాళ్ళ తప్పూ కాదు."

"నేను ఎవరూ రాలేదని రాసి పంపేశాను. సోమవారం ఈ మందు అవతలి రేవుకి వెళ్ళిపోతుంది." చెరోప్ కాయితం తిరగేసిన చప్పుడు. "సోమవారం ఎనిమిదింటికి నేను మీ మీదుగానే వెళ్ళాలి. పడవ ఆపిస్తా. కానీ అక్కా, బల్ల మీద మనుషులు కనబడాలి. బేసిన్లని చూపించి మా డాక్టర్ని ఒప్పించలేను."

శనివారం ఒకళ్ళు, ఆదివారం చర్చి దగ్గర ఒకళ్ళు, అందరూ అపోండిని ఒకటే అడిగారు. మొదట కూర్చునేదెవరు?

"నేను కూర్చుంటా," అంది అవినో ఆదివారం సాయంత్రం. మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద విరిచి ఆకుకూరలో ముంచుతోంది. "ఎలాగూ చేప ఇవ్వడం లేదు. ఇంకేం పోతుంది?"

"నువ్వు కూర్చుంటే నీ వెనక ఎవరూ రారు. అపోండి కూతురు, ఒయుగికి సరే అంది, అందుకే వచ్చింది అంటారు."

"మరి?"

అపోండి లేచి తన కొత్త డబ్బా మూత తిప్పింది. ఒక మాత్ర నాలుక మీద పెట్టుకుని గ్లాసు ఎత్తింది. ఆసుపత్రి కాయితం డబ్బా కింద మడిచి ఉంది. రక్తంలో వైరస్ కనబడలేదని ఈసారీ రాశారు. ఇన్నేళ్ళ మాత్రలు దాన్ని లేవనివ్వలేదు. ఆమె నుంచి ఇక ఎవరికీ సోకేది లేదు. ఆ సూది రేవులో ఎవరెవరికి పనికొస్తుందో ఒక్కొక్కరినీ తలుచుకుంది. పనికిరానిది తనకే.

గ్లాసు కింద పెట్టింది.

"నా బేసిను ఎక్కడ పెట్టావే?" అంది.

సోమవారం ఎనిమిదికి ముందే అపోండి బల్ల మీద మొదటిచోట కూర్చుంది. ఒళ్ళో బేసిను. దాని మీద రెండు చేతులు. పడవల దగ్గర అందరూ చూశారు. చూసి, అపోండే కదా అనుకుని, మళ్ళీ పనిలో పడ్డారు. ఆమె గురించి కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అవినో వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నీలం బేసిను ఒళ్ళో పెట్టుకుంది.

దోర్కా వచ్చి మూడోచోట కూర్చుని కాళ్ళు చాపింది. "నాకు సూదీ వద్దు, గీదీ వద్దు. బల్ల వెచ్చబెడదామని వచ్చా."

తర్వాత ఎవరూ రాలేదు. ఐస్ గది పక్కన ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు సర్దుకుంటున్నారు గానీ ఎవరి కాలూ ముందుకు పడడం లేదు. చెరోప్ పడవ దిగి, మందుపెట్టె భుజాన వేసుకుని వచ్చింది. బల్ల మీద ముగ్గురిని చూసింది. ఒకామెకి మందు పనికిరాదు, ఒకామెకి వయసు పోయింది.

"అక్కా, నువ్వేంటి ఇక్కడ?"

"మొదటిచోటు ఖాళీగా ఉండకూడదని."

చెరోప్ పెట్టె దించలేదు. పడవ వైపు ఒకసారి చూసింది.

అప్పుడు పైనున్న ఇళ్ళ వైపు నుంచి ఒయుగి భార్య పెరెస్ దిగొచ్చింది. ఆమె రేవులోకి ఎప్పుడూ రాదు. చర్చికి కట్టుకునే తెల్లటి తలగుడ్డ కట్టుకుంది. చంకలో పూలబొమ్మలున్న పింగాణీ బేసిను. పెళ్ళికి ఇచ్చింది కాబోలు, ఒక్క గీత కూడా పడలేదు. పడవ సందుల్లో దూది కూరుతున్న ఒయుగి ఆమెను చూసి ఉలి పట్టుకునే లేచాడు. ఆమె అటు చూడలేదు.

"వరస ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగింది.

"నా దాకా," అంది దోర్కా. పక్కకి జరిగింది. "కానీ నీకెందుకమ్మా పెరెస్? ఇంట్లో మొగుడున్నాడు కదా."

"ఉన్నాడు. అందుకే వచ్చా."

కూర్చుని పింగాణీ బేసిను ఒళ్ళో పెట్టుకుంది. దాని అంచు మీద లేని దుమ్ము కొంగుతో తుడిచింది.

రేవులో ఎవరూ నవ్వలేదు. ఐస్ గది దగ్గర గుంపు విడిపోయింది. ఒకామె వచ్చి పెరెస్ పక్కన కూర్చుంది. ఇద్దరు వచ్చారు. బల్ల నిండిపోయింది. తర్వాతవాళ్ళు బేసిన్లు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. వరస గోడ చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, వలల పాక ముందుదాకా పోయింది. చెరోప్ పడవ వైపు చేయి ఊపింది. పడవవాడు లంగరు దించాడు.

ఆఫీసు గదికి గుడ్డ అడ్డం కట్టారు. ముందు వేలి మీద రక్తపుచుక్క, పరీక్ష. తర్వాత పొట్ట మీద రెండు సూదులు. రెండు మాత్రలు అక్కడే మింగాలి, రెండు రేపటికి. బయటికొచ్చిన ప్రతి ఆడదీ పొట్ట మీద చేయి పెట్టుకుని, పక్కదానితో ఏదో అని నవ్వుకుంటూ పోయింది. పడవల్లో మగవాళ్ళు ఇద్దరు వచ్చి, గోడ దగ్గర నిలబడి, "మాకు కూడానా?" అని అడిగారు. "మీకూ ఉంది, వెనక నిలబడండి," అంది దోర్కా, మందు తనదే అన్నట్టు.

అకేయో లోపలికి వెళ్ళి చాలాసేపటికీ రాలేదు. చెరోప్ గుడ్డ పక్కకి తీసి అపోండిని చూసింది. అపోండి లేచి లోపలికి వెళ్ళింది.

అకేయో స్టూలు మీద కూర్చుని ఉంది. పరీక్షలో రెండు గీతలు, వైరస్ ఉందని.

"ఆలస్యంగా వచ్చానక్కా."

"నేను నీకంటే ఆలస్యంగా వచ్చా. అప్పుడు ఇలా పరీక్ష చేసే గదే లేదు." అపోండి నేల మీద కూర్చుని ఆమె పాదాల మీది ఇసక చేత్తో దులిపింది. "ఈ సూది నీది కాదు. నీ మందు వేరే ఉంది, ఇవాళే మొదలు. సాయంత్రం ఉగాలి తిన్నాక ఒకటి మింగు. నేను మింగేటప్పుడు నీకు ఫోన్ చేస్తా, ఇద్దరం ఒకేసారి మింగుదాం. పదిహేడేళ్ళుగా ఒక్కదాన్నే మింగుతున్నా, నాకూ విసుగ్గా ఉంది."

అకేయో ఏడుస్తూనే ఒకసారి నవ్వింది. డబ్బాను తలగుడ్డలో చుట్టుకుని, ఎర్ర బేసినులో పెట్టుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళింది.

మంగళవారం తెల్లవారుజామున ఇసక మీద ఒక్క బేసినూ లేదు.

"కింద పెట్టకు," అని అవినో ఒక్కొక్కరికీ చెప్పింది. "కింద పెడితే కాలికి అందుతుంది."

ఆడవాళ్ళు బేసిన్లు నెత్తిన పెట్టుకుని, లంగాలు పైకి దోపి, మోకాలి లోతు నీళ్ళలో వరస నిలబడ్డారు. అవినో నాలుగోది. అకేయో తొమ్మిదోది. పింగాణీ బేసిను వరసలో లేదు. అది పైన పెరెస్ గుమ్మం ముందు బోర్లించి ఉంది, రేవంతటికీ కనబడేలా.

పడవ వచ్చింది. ఒయుగి వరసను చూశాడు, తన ఇంటి గుమ్మం చూశాడు. ఏమీ మారనట్టే కూర్చుని పళ్ళపుల్ల తీశాడు. పడవ మనిషి ముగ్గురికి నింపాడు. నాలుగో మనిషి ముందు ఆగి ఆసామి మొహం చూశాడు.

"ఎర్ర బేసినుకి పోయ్," అన్నాడు ఒయుగి.

పడవ మనిషి తొమ్మిదో మనిషి దాకా చేయి చాచాడు. అకేయో కదలలేదు. రెండు చేతులతో బేసినును నెత్తి మీద గట్టిగా పట్టుకుంది.

"నా వంతు ఇంకా రాలేదు," అంది.

"ఏంటీ?"

"నా ముందు ఎనిమిది మంది ఉన్నారు. లెక్క రాదా?"

"సరే, దాని వెనకదానికి పోయ్."

వెనకున్నామె కూడా తల ఊపలేదు, అడుగు వేయలేదు. దాని వెనకామె సరస్సు వైపు చూస్తూ నిలబడింది. వరసలో ఎవరో దగ్గారు. ఎండ పడవ అంచు దాటి లోపలికి దిగింది. ఒమెనా మీద మొదటి ఈగలు వాలాయి. ఇంకో గంటకి ఆ చేప కోళ్ళమేతకి తప్ప దేనికీ పనికిరాదు. అది అందరికంటే ఒయుగికే బాగా తెలుసు.

"ఏంటయ్యా ఆలోచన?" అంది దోర్కా వెనకనించి. "నీళ్ళలో నా కాళ్ళు నానిపోతున్నాయి, చేపలు కొరుకుతున్నాయి. నీ చేపలకంటే ఇవే నయం, వరసలో వస్తున్నాయి."

వరస మొత్తం నవ్వింది. పడవవాళ్ళకీ నవ్వు ఆగలేదు. ఒయుగి పుల్ల నీళ్ళలోకి విసిరి, అటు తిరిగి కూర్చున్నాడు.

"పోయ్," అన్నాడు.

పడవ మనిషి నాలుగో బేసినులోకి ఒమెనా వంచాడు. అవినో మెడ ఆ బరువుకి ఒక్కసారి వంగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. చేపనీళ్ళు నుదుటి మీంచి కళ్ళలోకి, బుగ్గల మీంచి కిందికి కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే ఒడ్డెక్కింది.

అపోండి వల పరిచి ఉంచింది. అవినో బేసిను వంచగానే ఒమెనా వల మీద వెండి మడుగులా పరుచుకుంది. ఇద్దరూ చేతులతో పలచగా నెరిపారు. మధ్యలో అపోండి లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. కొంగు ముడి విప్పి రెండో రోజు మాత్రలు రెండూ కూతురి నోట్లో వేసింది. అవినో చేతులకి చేప జిగురు.

మింగాక అవినో తల్లి వేలు పట్టుకుని తన పొట్ట మీద, బొడ్డుకి పక్కన పెట్టింది.

"చూడు. మొక్కజొన్న గింజంత."

చర్మం కింద చిన్న గడ్డ, గట్టిగా, కదలకుండా. అపోండి వేలు దాని మీద కాసేపు ఉంచింది.

"ఇదే ఆరు నెలలుంటుందా?"

"కాపలా ఉంటుంది."

"మళ్ళీ ఎప్పుడు?"

"వానలయ్యాక. అప్పుడు బల్ల మీద నా బదులు నువ్వు మొదట కూర్చో." అపోండి వేలు తీసి చీపురు అందుకుంది. "తిరగెయ్యి. ఎండ ఎక్కుతోంది."